పెచ్చులూడిన స్లాబు కింద ఓ కొలువుంది!

అంతర్వేది పల్లిపాలెంలో సైకిల్‌ చైనుకు నూనె పెట్టకుండా ఓ వర్షాకాలం గడిపేస్తే ఏమవుతుందో అక్కడి ఏ కుర్రాణ్ని అడిగినా చెబుతాడు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. ఆ ఉప్పుగాలికి గేటు, గొళ్లెం, బోల్టు... ఏ ఇనుమూ ఎక్కువ కాలం నిలవదు. మరి అదే ఇనుము స్లాబు లోపల ఉంటే? కంటికి కనిపించదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఓ రోజు ఆఫీసులో ఫైళ్ల పక్కన అరచేయంత పెచ్చు ఊడిపడ్డాక గానీ ‘ఈ బిల్డింగ్‌ పాతబడిపోయిందండీ’ అనే మాట రాదు.

ఆ మాట దగ్గరే ఓ ఉద్యోగం మొదలవుతుంది. పాత ఆఫీసు భవనాన్ని పడగొట్టకుండా, దాని బలం ఎంతో పరీక్షించి, ఉన్న జబ్బు నయం చేసి, ఏసీలు, కంప్యూటర్లు, లిఫ్టు, ర్యాంపు ఉన్న నేటి ఆఫీసుగా మార్చే పని అది. రెట్రోఫిట్టింగ్‌, రీఫర్బిష్‌మెంట్‌, రెనొవేషన్‌... కొంచెం కొంచెం తేడాలతో పేర్లు చాలా ఉన్నాయి. సివిల్‌ సీటు వచ్చిందని మొహం చిన్నబుచ్చుకునేవాళ్లు, సివిల్‌ డిప్లొమా అంటే కొత్త అపార్ట్‌మెంట్ల సైట్లే దిక్కనుకునేవాళ్లు ఓసారి ఇటూ చూడొచ్చు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు పిల్లలకైతే ఇంకో అనుకూలత ఉంది. ఇనుముకు ఉప్పు ఏం చేస్తుందో వాళ్లకు పుస్తకం తెరవకముందే తెలుసు.

ఇరిగేషన్‌ ఆఫీసే రాజ్‌భవన్‌ అయింది

ఇదేదో విదేశాల ముచ్చట అనుకోకండి. రాష్ట్ర విభజన తర్వాత పాలన విజయవాడకు మారినప్పుడు సూర్యారావుపేటలోని జలవనరుల శాఖ కార్యాలయ భవనాన్ని ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసుగా మార్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌కు విడిగా గవర్నర్‌ వచ్చినప్పుడు అదే భవనం రాజ్‌భవన్‌గా మారింది. ఆ ఏడాది జులై 24న బిశ్వభూషణ్‌ హరిచందన్‌ ప్రమాణ స్వీకారం చేసింది అక్కడే. కాలువల లెక్కలు చూసుకునే ఆఫీసు పదేళ్లు తిరక్కుండానే రెండుసార్లు కొత్త అవతారం ఎత్తింది. పునాది తవ్వి, పిల్లర్లు లేపి, స్లాబులు ఆరేదాకా ఆగేంత వ్యవధి అప్పుడు లేదు. ఉన్న భవనమే ఆదుకుంది.

2022 ఏప్రిల్‌ 4న ఇదే అవసరం రాష్ట్రమంతా ఒకేసారి వచ్చింది. ఆ రోజు 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా పుట్టింది. కలెక్టరేట్‌, ఎస్పీ ఆఫీసు, పదుల కొద్దీ జిల్లా శాఖలు... వీటన్నిటికీ ఆ పూటకు ఆ పూట గదులు కావాలి. కొత్త జిల్లా కేంద్రాల్లో చాలాచోట్ల అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలు, కాలేజీలు, అద్దె ఇళ్లే ఆఫీసులయ్యాయి. తెలంగాణలో 2016లో జిల్లాలు 10 నుంచి 31కి పెరిగినప్పుడూ ఇదే హడావుడి. ఒక అవసరానికి కట్టినదాన్ని ఇంకో అవసరానికి వాడుకోవడంలో తప్పేం లేదు. అయితే అంతకుముందు ఆ భవనం మోయగలదో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా!

ఇంకో సంగతి. ‘పాత భవనం’ అనగానే మనకు సున్నపు గోడలు, టేకు దూలాలు కళ్లముందు మెదులుతాయి. కానీ హైదరాబాద్‌లో ఐటీకి గుర్తుగా నిలిచిన సైబర్‌ టవర్స్‌ మొదలైంది 1998 నవంబరులో. అంటే దానికే పాతికేళ్లు దాటాయి. పెద్ద ఏసీ యంత్రాలు 15, 20 ఏళ్లకు మార్పుకొస్తాయి. లిఫ్టులు, వైరింగు, అద్దాలు ఒకదాని వెనక ఒకటి వయసు మీదపడి మొరాయిస్తాయి. మొన్నమొన్నటి కొత్త ఆఫీసులే రేపటి మరమ్మతు పనులు.

రంగు వేస్తే రోగం పోదు

మనదగ్గర జరిగే అసలు పొరపాటు ఇక్కడే. స్లాబు పెచ్చులూడితే మేస్త్రి వస్తాడు, సిమెంటు పూస్తాడు, పైన పుట్టీ, రంగు. ఫాల్స్‌ సీలింగ్‌ బిగిస్తే ఇక చూడ్డానికి కార్పొరేట్‌ ఆఫీసే. కానీ లోపల చువ్వ తుప్పు పడుతూనే ఉంటుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఉబ్బుకు కాంక్రీటు చిట్లుతుంది. చీలికలోంచి ఇంకాస్త తేమ, ఇంకాస్త ఉప్పు. ఫాల్స్‌ సీలింగ్‌ చేసే మేలల్లా ఆ చీలికను మన కంటపడకుండా దాచడమే. నన్నడిగితే పాత స్లాబు కింద పరీక్ష చేయించకుండా ఫాల్స్‌ సీలింగ్‌ కట్టడం నిషేధించాలి.

పాత స్లాబులకు ఈ తిప్పలెందుకో లెక్క చూడండి. ఒకప్పుడు ఏ మేస్త్రినడిగినా ‘ఒకటి, రెండు, నాలుగు’ అనేవాడు. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర. అది సుమారుగా ఎం15 గ్రేడు. 2000లో సవరించిన ఐఎస్‌ 456 కోడ్‌ ప్రకారం ఇనుము ఉన్న ఏ కాంక్రీటూ ఎం20 కన్నా తగ్గకూడదు. సముద్రతీర వాతావరణానికైతే ఎం30 ఉండాలి. చువ్వకూ బయటి గాలికీ మధ్య ఉండే కాంక్రీటు పొరను కవర్‌ అంటారు. 1978 నాటి కోడ్‌ స్లాబుకు 15 మిల్లీమీటర్లు చాలంది. ఇప్పటి కోడ్‌ తీరప్రాంతానికి 45 మిల్లీమీటర్లు అడుగుతోంది. అంటే పాత ఆఫీసులో ఉప్పుకూ ఇనుముకూ మధ్య ఉన్న అడ్డు అరంగుళం పైచిలుకే! కాంక్రీటు కలిపే నీళ్లదీ ఇదే కథ. ఇనుము వాడే పనుల్లో లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు మించకూడదన్నది నియమం. తీర గ్రామాల్లో బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు.

అందుకే రెట్రోఫిట్‌ ఇంజినీరు పని డాక్టర్‌ పనిలాగే పరీక్షలతో మొదలవుతుంది. మొదట సుత్తితో మెల్లగా తట్టి వింటారు. ఖంగుమంటే మంచిది, బోలు శబ్దం వస్తే లోపల పొర విడిపోయిందని అర్థం. తర్వాత రీబౌండ్‌ హ్యామర్‌తో పైపొర గట్టితనం చూస్తారు. అల్ట్రాసోనిక్‌ యంత్రంతో కాంక్రీటు గుండా ధ్వని ఎంత వేగంగా పోతుందో కొలుస్తారు. సెకనుకు 3 కిలోమీటర్ల కన్నా తక్కువ వస్తే అనుమానించాల్సిందే. మరీ సందేహంగా ఉన్న చోట కాంక్రీటును గుండ్రంగా కోసి తీసి ల్యాబ్‌లో నొక్కి చూస్తారు.

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు తెలిసిన సరుకు కూడా ఇందులో ఉంది. టైట్రేషన్‌లో వాడిన ఫినాఫ్తలీన్‌ గుర్తుందా? కాంక్రీటును అప్పటికప్పుడు పగలగొట్టి దాని మీద చల్లుతారు. మంచి కాంక్రీటు పీహెచ్‌ 12 పైనే ఉంటుంది కాబట్టి గులాబీ రంగు వస్తుంది. గాలిలోని కార్బన్‌ డయాక్సైడ్‌ చొరబడి పీహెచ్‌ 9 కిందికి పడిన చోట రంగు రాదు. అక్కడ చువ్వకు రక్షణ పోయినట్టే. అయితే తీరంలో ఇదొక్కటీ నమ్ముకుంటే మోసపోతాం. గులాబీ రంగు దివ్యంగా వచ్చిన చోట కూడా క్లోరైడు చేరితే ఇనుము తుప్పు పడుతుంది. అందుకని కాంక్రీటు పొడి తీసి సిల్వర్‌ నైట్రేట్‌తో ఉప్పు లెక్క కట్టాలి. సాల్ట్‌ అనాలిసిస్‌లో తెల్లని అవక్షేపం కోసం ఎదురుచూసిన ఆ సిల్వర్‌ నైట్రేటే. ఇక హాఫ్‌ సెల్‌ పరీక్షలో మీటరు మైనస్‌ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి చూపిస్తే, అక్కడ తుప్పు నడుస్తున్న అవకాశం నూటికి తొంభై పాళ్లు.

వైద్యం మొదలయ్యేది ఇవన్నీ అయ్యాకే. ముందు జాకీలు పెట్టి స్లాబు బరువు మోయిస్తారు. వదులైన కాంక్రీటును చువ్వ వెనక దాకా చెక్కేస్తారు. తుప్పు గీకి, జింక్‌ ప్రైమర్‌ పూసి, సన్నబడ్డ చువ్వకు తోడుగా కొత్త చువ్వ కట్టి, పాలిమర్‌ మోర్టారుతోనో మైక్రో కాంక్రీటుతోనో నింపుతారు. బలం చాలని పిల్లరు చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు వేయడమో, కార్బన్‌ ఫైబర్‌ పట్టీ చుట్టడమో చేస్తారు. చెక్కడంలో తొందరపడి జాకీలు మరిచిపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

కాంక్రీటు రాకముందు కట్టిన భవనాలది వేరే లోకం. గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడ చెమ్మను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరు కొడితే చెమ్మ లోపలే బందీ అయి, ఉప్పు పొంగి, ఇటుకే పిండిగా రాలుతుంది. మంచి చేయబోయి గోడను చంపడమన్నమాట. ఇలాంటి గోడకు మళ్లీ సున్నమే వైద్యం. హైదరాబాద్‌ కోఠిలోని బ్రిటిష్‌ రెసిడెన్సీ 19వ శతాబ్దపు మొదటి దశాబ్దంలో కట్టింది. నిజాం దర్బారులో ఇంగ్లిష్‌ కంపెనీ ప్రతినిధి నివాసం, కార్యాలయం అదే. తర్వాత మహిళా కళాశాల అయింది. వరల్డ్‌ మాన్యుమెంట్స్‌ ఫండ్‌ సాయంతో దాన్ని ఏళ్ల తరబడి శ్రమపడి బాగుచేశారు. అలాంటి చోట సున్నం పని తెలిసిన చేతులకు ఉండే విలువ డిగ్రీలతో వచ్చేది కాదు.

ఫైళ్లు పోయాయి, బ్యాటరీలు వచ్చాయి

గోడలు గట్టిగా ఉంటే చాలా? చాలదు. నేటి ఆఫీసు మోసే బరువులే మారిపోయాయి. ఐఎస్‌ 875 కోడ్‌ ప్రకారం స్టోర్‌ వేరుగా ఉన్న మామూలు ఆఫీసు గదికి చదరపు మీటరుకు 250 కిలోల బరువు లెక్కేస్తారు. ఫైళ్లు నిల్వ ఉంచే గదికి 500 కిలోలు. నిండా ఫైళ్లున్న బీరువాలను వరసగా మామూలు గదిలో పేర్చిన ఆఫీసులు మనం చూడనివా? ఇప్పుడు ఫైళ్లు కంప్యూటర్లోకి వెళ్లి ఆ భారం తగ్గింది, కానీ వాటి స్థానంలో యూపీఎస్‌ బ్యాటరీలు ఒక మూల కుప్పపడ్డాయి. పైకప్పు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే టన్ను బరువు. సోలార్‌ ప్యానెళ్లు చదరపు మీటరుకు 15, 20 కిలోలే గానీ వాటితో వచ్చే చిక్కు బరువు కాదు, గాలి. తుపాను గాలి కిందనుంచి దూరి వాటిని పైకి లేపుతుంది. విజయవాడ, విశాఖపట్నాలకు కోడ్‌ చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ పెద్దలకు ఈ అంకె వివరించాల్సిన పనిలేదు.

అన్నిటికన్నా ఒళ్లు మండే పని ఏంటంటే, ఏసీ పైపు కోసం బీముకు కన్నం పెట్టడం. గోడలో పోవాల్సిన పైపు దారి దగ్గరని బీములోంచి పోతుంది. మధ్యలో తగిలిన చువ్వను డ్రిల్లు కోసేస్తుంది. ఆ ఏసీ బిగించినాయనకు అది బీమని చెప్పేవాళ్లు సైట్లో లేకపోవడమే తప్పు. అలా చెప్పడం ఓ డిప్లొమా ఇంజినీరు ఉద్యోగం.

వైరింగు సంగతి సరేసరి. రెండు ఫ్యాన్లు, నాలుగు ట్యూబులైట్ల కోసం వేసిన తీగల మీద ఇవాళ ఏసీలు నడుస్తున్నాయి. టన్నున్నర ఏసీ ఒక్కటే సుమారు కిలోవాటున్నర లాగుతుంది. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే కొత్త బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్ల పైచిలుకు చాలు. ముందు ఎండ రాకుండా కిటికీల సంగతి చూసి, ఫ్యాన్లు, లైట్లు మార్చి, ఆ తర్వాత ఎన్ని ఏసీలు కావాలో లెక్కగడితే ఏసీల సంఖ్యే తగ్గుతుంది.

ఈ వరసను ప్రపంచానికి బాగా చూపించింది న్యూయార్క్‌లోని ఎంపైర్‌ స్టేట్‌ బిల్డింగ్‌. 1931లో కట్టిన 102 అంతస్తుల ఆఫీసు అది. 2009లో మొదలైన పనిలో 6,514 కిటికీలనూ ఊడదీసి, పారేయకుండా, ఆ భవనంలోనే ఓ అంతస్తులో చిన్న కార్ఖానా పెట్టి బాగుచేశారు. అద్దాల మధ్య పలచని ఫిల్మ్‌ చేర్చి, గ్యాస్‌ నింపి మళ్లీ బిగించారు. లోపలికొచ్చే వేడి తగ్గడంతో కొత్త పెద్ద కూలింగ్‌ యంత్రాలు కొనే పని తప్పింది. పాతవాటినే బాగుచేసుకున్నారు. మొత్తం పథకానికి పెట్టుకున్న లెక్క 38 శాతం కరెంటు, ఇంధనం పొదుపు.

అలాగని ప్రతి పాత భవనాన్నీ నిలబెట్టాలని లేదు. హైదరాబాద్‌ సచివాలయంలో 1888 నాటి జి బ్లాకుతో పాటు మిగతా బ్లాకులన్నిటినీ 2020 జులైలో కూల్చడం మొదలుపెట్టారు. కొత్త సచివాలయం 2023 ఏప్రిల్‌ 30న ప్రారంభమైంది. దాని మీద వాదనలు కోర్టు దాకా వెళ్లాయి. ఇక్కడ మన విద్యార్థులు చూడాల్సింది ఒకటే: ఉంచాలా, కూల్చాలా అనే ప్రతి వాదనలోనూ ఇరుపక్షాలూ ఇంజినీర్ల నివేదికలనే ముందు పెడతాయి. ఆ నివేదిక రాసేది మీరే కావచ్చు. ‘బాగానే ఉందని రాసెయ్యండి’ అని కింద మనుషులను కూర్చోబెట్టుకున్న యజమాని అంటాడు. ‘పనికిరాదని రాసెయ్యండి’ అని కొత్త కాంట్రాక్టు మీద కన్నేసినవాడు అంటాడు. పరీక్షల అంకెలు ఏం చెబితే అదే రాయడానికి తెలివితో పాటు కాస్త గుండె కూడా కావాలి. ఈ కొలువులో జీతం కన్నా బరువైనది ఆ సంతకమే.

ఏం చదవాలి?

పదో తరగతి తర్వాత పాలిసెట్‌ రాసి మూడేళ్ల సివిల్‌ డిప్లొమా చేయొచ్చు. ఆ తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్‌ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్‌ సివిల్‌, ఎలక్ట్రీషియన్‌, రిఫ్రిజిరేషన్‌ అండ్‌ ఏసీ ట్రేడుల వాళ్లకూ ఇందులో చోటుంది. పాత భవనాలకు డ్రాయింగులు దొరకవు. టేపు పట్టుకుని కొలిచి గీసేవాళ్లే మొదటి అవసరం. ఇప్పుడు లేజర్‌ స్కానర్లు వచ్చినా, ఆ చుక్కల గుంపును ఆటోక్యాడ్‌లోనో రెవిట్‌లోనో గోడలుగా మార్చే మనిషి కావాల్సిందే.

ఆర్కిటెక్చర్‌ ఇష్టమైతే ఐదేళ్ల బీఆర్క్‌. నాటా, జేఈఈ మెయిన్‌ పేపర్‌ 2 దానికి దారులు. విజయవాడలోని స్కూల్‌ ఆఫ్‌ ప్లానింగ్‌ అండ్‌ ఆర్కిటెక్చర్‌ 2008లో మొదలైంది, ఇప్పుడు జాతీయ ప్రాధాన్య సంస్థ. అక్కడ ఎంఆర్క్‌లో ఆర్కిటెక్చరల్‌ కన్జర్వేషన్‌, సస్టెయినబుల్‌ ఆర్కిటెక్చర్‌ ఉన్నాయి. బిల్డింగ్‌ ఇంజినీరింగ్‌ అండ్‌ మేనేజ్‌మెంట్‌ పీజీకి సివిల్‌ బీటెక్‌ వాళ్లూ వెళ్లొచ్చు. నిర్మాణ బలం వైపు ఆసక్తి ఉన్నవాళ్లకు గేట్‌ రాసి ఎన్‌ఐటీ వరంగల్‌ లాంటి చోట స్ట్రక్చరల్‌ ఎంటెక్‌ మంచి దారి. కరెంటు పొదుపు వైపు మొగ్గేవాళ్లు అనుభవం వచ్చాక బ్యూరో ఆఫ్‌ ఎనర్జీ ఎఫిషియన్సీ వారి ఎనర్జీ ఆడిటర్‌ పరీక్ష రాయొచ్చు. ఇవేవీ కుదరకపోయినా, ఐఐటీ మద్రాస్‌ ఆచార్యులు కాంక్రీటు మరమ్మతుల మీద చెప్పిన పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా వినొచ్చు.

ఆర్‌ అండ్‌ బీ లాంటి ప్రభుత్వ శాఖలు, పరీక్షలు చేసే ల్యాబులు, మరమ్మతు కాంట్రాక్టర్లు, సికా, ఫోస్రాక్‌, పిడిలైట్‌ లాంటి నిర్మాణ రసాయనాల కంపెనీలు, పెద్ద ఆఫీసుల నిర్వహణ చూసే సంస్థలు... పని దొరికేది ఇలాంటి చోట్ల. ముందే చెప్పడం మంచిది, మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌ మిత్రుడి దానితో పోలిస్తే చిన్నదిగానే కనిపిస్తుంది. దుమ్ము ఎక్కువ. పగలు ఆఫీసు నడుస్తుంటుంది కాబట్టి చెక్కే పనులు రాత్రిళ్లు, ఆదివారాలు. మాస్కు, హెల్మెట్‌, బెల్టు లేకుండా పని చేయించే సైటులో ఉండకండి. అనుభవం పెరిగే కొద్దీ మాత్రం ఈ రంగంలో మనిషి విలువ పెరుగుతుంది. ఎందుకంటే పాత భవనం ఒక్కోటి ఒక్కో తీరు, అన్నిటికీ సరిపోయే సాఫ్ట్‌వేర్‌ ఇంకా రాలేదు.

ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం వెతుకుతున్నవాళ్లకు ఓ సలహా. ఎక్కడో దొరికిన పాత రిపోర్టు కొని బైండింగు చేయించే బదులు మీ మండల కేంద్రంలోని ఓ పాత ఆఫీసును ఎంచుకోండి. కాలేజీ లెటర్‌హెడ్‌ మీద అర్జీ పెట్టి, అనుమతి తీసుకుని, కొలిచి ప్లాను గీయండి. ఎక్కడ చెమ్మ ఉందో, ఎక్కడ పెచ్చులూడాయో ఫొటోలతో గుర్తించండి. వరద భయంతో కోనసీమలో ఆఫీసుల అరుగులు ఎత్తుగా కడతారు కాబట్టి ర్యాంపు లెక్క కూడా వేయండి. నియమం 1:12. అరుగు 60 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపు 7.2 మీటర్ల పొడవుండాలి. ఆవరణలో అంత చోటు లేకపోతే మలుపు తిప్పాలి, మలుపు దగ్గర చక్రాల కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల చదును వదలాలి. కాగితం, టేపు, ఫోను కెమెరా చాలు. సుత్తి మాత్రం మీ లెక్చరర్‌ పక్కనుంటేనే పట్టుకెళ్లండి.